పాలేరు, కామందు, వెట్టి: ఊరి మాటల మూలాలు వెదికే పద్ధతి

ఊరి చరిత్ర రాయబూనిన ఉపాధ్యాయులు, పరిశోధక విద్యార్థులు, ఐరోపా చరిత్రను తెలుగులోకి తెచ్చే అనువాదకులు అందరూ ఒకచోట తప్పకుండా ఆగిపోతారు. మధ్యయుగపు ఐరోపాలో, దున్నే భూమిని విడిచిపోయే హక్కు లేక ప్రభువుకు కట్టుబడి బతికిన సేద్యగాణ్ణి ‘సెర్ఫ్’ అన్నారు. ఆ మాటకు సాటిగా తెలుగులో దేన్ని వాడాలి? కొందరు బానిస అని రాస్తారు, కొందరు అర్ధబానిస అని సర్దుకుంటారు, గోదావరి జిల్లాల వారికి వెంటనే నోటికి వచ్చేది పాలేరు. మూడింటిలో ఏది వాడినా ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది. కారణం ఒకటే. మాట ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఆ మాటతో పిలిపించుకున్న మనిషి ఏ స్థితిలో బతికాడన్నది మరొక ప్రశ్న. మనం మొదటిదానికి జవాబు దొరకగానే రెండోదానికి కూడా దొరికిందనుకుంటాం. గోదావరి డెల్టాలోని ఊళ్లను పెట్టుకుని, ఈ రెండింటినీ విడివిడిగా వెదికి చివర్లో ఎదురెదురుగా పెట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు కట్టు, తరువాత మాట

నిఘంటువు తెరవకముందే ఒక కాగితం మీద ఈ ప్రశ్న రాసుకోవాలి: ఈ మనిషిని కట్టి ఉంచినది భూమా, మరొక మనిషా, అప్పా, ఊరి కొలువా? ఈ నాలుగింటిలో ఏదో తేలనిదే మాటల జోలికి పోకూడదు. అలా పోతే ఏం జరుగుతుందో ఐరోపా మాటలే చూపిస్తాయి.

రోమన్ సామ్రాజ్యపు చివరి రోజులలో పరాయి భూమిని కౌలుకు చేసుకునే ‘కొలోనస్’ చట్టం దృష్టిలో స్వతంత్రుడే. అయితే కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 332లో చేసిన శాసనం, పారిపోవాలని చూసే కొలోనస్‌కు బానిసకు వేసినట్టే సంకెళ్లు వేయవచ్చునన్నది. పేరు పాతదే, బతుకు మారిపోయింది. దీనికి తలకిందులైన కథ ‘సెర్వస్’ది. లాటిన్‌లో సెర్వస్ అంటే కొనడానికీ అమ్మడానికీ వీలైన అచ్చమైన బానిస. అదే మాట ఫ్రెంచి నోట సెర్ఫ్‌గా మారేనాటికి, విడిగా అంగట్లో అమ్మదగిన మనిషిని కాక, భూమితో పాటు చేతులు మారే సేద్యగాణ్ణి చెప్పసాగింది. అప్పుడు అసలు బానిసకు కొత్త మాట కావలసి వచ్చింది. స్లావ్ జాతుల వారిని పట్టి అమ్మే వ్యాపారం జోరుగా సాగుతున్న కాలం కనుక వారి జాతి పేరే ‘స్లేవ్’ అయి కూర్చుంది. ఇంగ్లండులో 1086లో తయారైన డూమ్స్‌డే లెక్కల పుస్తకం పల్లెజనాన్ని విల్లాని, బోర్దారి, కొత్తారి, సెర్వి అని తరగతులుగా విడదీసింది. విల్లా అంటే పల్లెలోని ఎస్టేటు, దాన్ని అంటిపెట్టుకున్నవాడు విల్లానస్. ఆ మాటే కాలక్రమంలో దిగజారి, ఇప్పుడు మన సినిమా పరిభాషలో ‘విలన్’గా స్థిరపడింది.

రష్యాలో 1649 నాటి న్యాయస్మృతి రైతును భూస్వామికి శాశ్వతంగా కట్టివేసింది, 1861లో రెండవ అలెగ్జాండర్ ఆ కట్టు విప్పాడు. అక్కడి ‘క్రెపోస్త్నోయ్’ అన్న మాట కట్టును, దానికి సాక్ష్యమైన పత్రాన్ని సూచిస్తుంది. జర్మన్ మాట ‘లైబైగెనర్’ శరీరమే పరుల సొత్తు అని చెబుతుంది. ఒకటి పత్రాన్ని చూసి పుట్టిన పేరు, ఇంకొకటి ఒంటిని చూసి పుట్టిన పేరు. వ్యుత్పత్తి వల్ల తెలిసేది పేరు పెట్టినవాడు దేన్ని చూశాడన్నంత వరకే. పేరు మోసినవాడి బతుకు తెలియాలంటే వేరే ఆధారాలు కావాలి.

ఆ ఆధారాలను వెదకడానికి ఐరోపా చరిత్రకారులు వాడిన కొలమానం మనకూ పనికొస్తుంది. సెర్ఫ్ ప్రభువు అనుమతి లేకుండా ఊరు విడవలేడు. కూతురి పెళ్లికి ప్రభువుకు రుసుము చెల్లించాలి. ఇంటి పెద్ద చనిపోతే ఉన్న పశువులలో మేలైనదాన్ని ప్రభువు తోలుకుపోతాడు. వారంలో ఇన్ని రోజులని ప్రభువు సొంత సేద్యంలో కూలి లేకుండా పనిచేయాలి. ఈ నాలుగు అంశాలను ప్రశ్నలుగా మార్చి, మీరు ఎంచుకున్న డెల్టా ఊరికి, మీరు ఎంచుకున్న కాలానికి వేసి చూడండి. 1802 ప్రాంతంలో శాశ్వత పైసలా, అంటే జమీందారు కట్టవలసిన శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు, వచ్చాక ఏర్పడిన జమీందారీలలో కొన్ని పోలికలు కనిపిస్తాయి. ఐరోపా ప్రభువుకు ఉన్నట్టే జమీందారుకూ సొంత సేద్యం ఉండేది, దాన్ని కమతం అనేవారు. పాత నిఘంటువులలో కమతకాడు అంటే ఆ సేద్యంలో పనిచేసేవాడు. ఇప్పుడు ప్రభుత్వ లెక్కలలో ‘చిన్న కమతాలు’ అంటే కేవలం చిన్న సాగు విస్తీర్ణాలు, అందులో దొరా లేడు, పనివాడూ లేడు. పోలిక కుదరని చోటు కూడా చూడాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికాక ముందు, 1832–33 నాటి నందన కరువు వంటివి ఊళ్లను ఖాళీ చేసిన రోజులలో, డెల్టాలో భూమి కన్నా దున్నే చేతులకే కొరత. అలాంటి కాలంలో రైతు చేతిలో మిగిలే ఆయుధం ఊరు విడిచిపోవడమే. విడిచిపోగలిగినవాణ్ణి సెర్ఫ్ అనడం కుదరదు.

మాట ఏ పొరలోది

కట్టు తేలాక మాటల పట్టిక వేయండి. డెల్టాలో పెద్దవారి నోట ఇప్పటికీ వినిపించేవి చాలా ఉన్నాయి: పాలేరు, జీతగాడు, కామందు, ఆసామి, మోతుబరి, రైతు, కౌలు, వెట్టి, చాకిరీ, ఊడిగం, తొత్తు, బంటు, నౌకరు. ప్రతి మాట పక్కనా అది అచ్చతెలుగా, సంస్కృత ప్రాకృతాల నుంచి వచ్చిందా, పారసీ అరబ్బీల నుంచి వచ్చిందా అని గుర్తు పెట్టుకోవాలి. దీని వల్ల ముఖ్యంగా దక్కేది కాలపు హద్దు. రాజమహేంద్రవరం 16వ శతాబ్దపు రెండో సగంలో గోల్కొండ సుల్తానుల చేతికి వెళ్లాక పారసీ రెవెన్యూ పరిభాష ఇక్కడి కచేరీలలోకి, కచేరీల నుంచి కళ్లాల్లోకి దిగింది. కనుక పారసీ మూలమున్న మాటతో చాళుక్యుల కాలపు వ్యవస్థను వర్ణించేటప్పుడు ఆ మాట ఆ కాలానిది కాదన్న స్పృహ ఉండాలి.

ఈ పొరలోని మాటలు వింతగా నడిచాయి. రైతు అన్న మాట అరబ్బీ ‘రఇయ్యత్’ నుంచి వచ్చింది, దాని అసలు అర్థం కాపరి మేపే మంద, ఆ తరువాత పాలితులైన ప్రజ. మోతుబరి ‘ముఅతబర్’, అంటే నమ్మదగినవాడు. కాబట్టి ‘మోతుబరి రైతు’ అన్నప్పుడు అందులో తెలుగు గింజ ఒక్కటీ లేదు, అయినా దానంత గోదావరి వాసన కొట్టే పలుకుబడి ఇంకొకటి దొరకదు. కౌలు అరబ్బీలో ‘మాట’, ఇచ్చిన మాట కనుక ఒప్పందం. డెల్టాలో కౌళ్లు చాలావరకు ఇప్పటికీ కాగితం లేకుండా నోటిమాట మీదే నడుస్తాయి కనుక ఈ వ్యుత్పత్తి భలే కుదిరిందనిపిస్తుంది. అది కాకతాళీయమే, దాన్ని చరిత్రగా రాయకూడదు. కామందు పారసీ ‘ఖావంద్’, యజమాని. ఇది పెద్దగా స్థానం మారలేదు. ఆసామి మాత్రం మెట్లెక్కింది. అరబ్బీలో ‘అసామీ’ అంటే పేర్లు, ఖాతాలో పేరు నమోదైనవాడు. ఉత్తరాది రెవెన్యూ పరిభాషలో అది శిస్తు కట్టే మామూలు సాగుదారుకు వాడుక. మన దగ్గరకు వచ్చేసరికి ఆసామి అంటే పొలమూ పలుకుబడీ ఉన్న పెద్దమనిషి అయ్యాడు. ‘స్వామి’ అన్న మాట చెవిలో ఉండడం వల్ల చాలామంది దీన్ని ఆ–స్వామిగా విడదీస్తారు, అది సరికాదు.

నిఘంటువుల విషయానికి వస్తే, ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. బ్రౌన్ నిఘంటువు 19వ శతాబ్దం మధ్యనాటి వాడుకను పట్టిస్తుంది. 1855లో విల్సన్ ప్రకటించిన న్యాయ రెవెన్యూ పదాల కోశం ఒకే మాట వివిధ ప్రాంతాలలో ఏ అర్థంలో ఉందో పక్కపక్కన చూపుతుంది, ఆసామి వంటి మాటలకు అంతకన్నా మంచి చోటు లేదు. సేద్యపు మాటలకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తప్పనిసరి. పాత కావ్య ప్రయోగాలకు శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు చూడాలి. ఈ రెండోది పిఠాపురం జమీందారు పేరు మీద, ఆయన పోషణలో వెలువడింది. వెట్టికి అర్థం ఒక జమీందారు పేరున్న గ్రంథంలో వెదకవలసి రావడం తెలుగు సాహిత్య చరిత్రలోని చమత్కారం. గ్రంథం మాత్రం విలువైనదే.

చెవికి తోచినది చాలదు

ఈ పనిలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కనుక కాస్త నిదానంగా చూద్దాం. రెండు మాటలు ఒకేలా వినిపించడం ఆధారం కాదు. ఆ ధ్వని మార్పు మరికొన్ని మాటలలో కూడా క్రమంగా జరిగిందని చూపగలగాలి, అర్థమూ కలవాలి, వీలైతే పాత ప్రయోగం దొరకాలి.

వెట్టిని తీసుకోండి. ‘వట్టి చేతులతో చేసే పని కనుక వెట్టి’ అని ఊళ్లలో చెబుతారు. నిఘంటుకారులు చెప్పే మూలం సంస్కృత ‘విష్టి’. దీన్ని పరీక్షించడం తేలిక. సంస్కృతంలోని ష్ట, ష్ఠ ప్రాకృతంలో ట్ఠ అవుతాయి, తెలుగు ఒత్తు విడిచి ట్ట చేసుకుంటుంది. శ్రేష్ఠి ఇలాగే సెట్టి అయింది. అదే దారిలో విష్టి వెట్టి కావడానికి అడ్డేమీ లేదు. ఇక అర్థం. 150వ సంవత్సరం నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు, పౌరజానపదులను పన్నులతో, విష్టితో, బలవంతపు కానుకలతో పీడించకుండా సొంత ఖజానా ధనంతో సుదర్శన తటాకాన్ని బాగు చేయించానని గొప్పగా చెప్పుకున్నాడు. విష్టి అంటే రాజు చేయించుకునే కూలి లేని పని అని ఇక్కడ స్పష్టం. ధ్వనీ కుదిరింది, అర్థమూ కుదిరింది, పాత ప్రయోగమూ ఉంది. వట్టి చేతుల కథకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. పాలకుడు ‘నేను దాన్ని వాడలేదు’ అని చెప్పుకున్నాడంటే వాడడమే మామూలు అన్న సంగతి కూడా ఆ వాక్యం నుంచి రాబట్టుకోవచ్చు. శాసనాలలోని మినహాయింపులను ఎప్పుడూ ఇలా తిరగేసి చదవాలి.

ఊడిగం మరొక రకం. ఇది సంస్కృతం కాదు. తమిళంలో సేవను ‘ఊఴియం’ అంటారు. తమిళంలో ఆ ప్రత్యేకమైన ఴకారం ఉన్నచోట తెలుగులో డకారం వస్తుంది. తమిళుల ఏఴు మన ఏడు, వారి కోఴి మన కోడి. కనుక ఊఴియం, ఊడిగం ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చిన జంట. వెట్టి పాలకుల భాషలోంచి దిగివచ్చిన మాట, ఊడిగం మొదటి నుంచీ ఇంటిలోదే. దీని వల్ల ఒక చిన్న అనుమానానికి దారి దొరుకుతుంది: ఊరికి, రాజుకు చేసే నిర్బంధపు పనికి పాలకుల భాష పేరు పెట్టింది, ఇళ్లలో జరిగే సేవకు దేశభాషే పేరు పెట్టుకుంది. రెండు మాటలతో సిద్ధాంతం నిలబడదు. మీ పట్టికలోని మిగతా మాటలను కూడా ఈ ప్రశ్నతో పరీక్షిస్తే ఎటు తేలుతుందో చూడవచ్చు.

పరీక్షలో నెగ్గనివాటిని కూడా పట్టికలో ఉంచండి, ‘ప్రతిపాదన’ అని పక్కన రాసి. పాలికాపులో పాలు అంటే వాటా, వాటాకు సేద్యం చేసే కాపు. ఇది తేటగానే ఉంది. పాలేరులోనూ ఆ ‘పాలు’నే చూసి, రెండో భాగాన్ని ‘ఏరు’ అంటే కాడి కట్టిన నాగలిగా చెబుతుంటారు. ఏరువాకలో ఉన్నది ఆ ఏరే. వినడానికి అందంగానే ఉంది. అయితే ఖమ్మం వైపు పాలేరు అనే వాగు ఒకటి ఉందని, అందులోని ఏరు నాగలి కాదని గుర్తుంటే, అక్షరాలు కలిసినంత మాత్రాన ఎంత దూరం పోకూడదో తెలుస్తుంది. అలాగే పాత తెలుగులో బానసం అంటే వంటిల్లు, సంస్కృత ‘మహానసం’ నుంచి వచ్చింది, బానసీడు వంటవాడు. బానిస అన్న మాట దీని పక్కన పెట్టగానే మెరుస్తుంది. మెరిసిన ప్రతిదాన్నీ మూటగట్టుకోకుండా, బానిస అన్న మాట వంటింటి పనివారికి వాడిన పాత ప్రయోగం చేతికి అందేదాకా ఆగాలి. శాసనాలలో కనిపించే లెంకలు, అంటే ప్రభువు కోసం ప్రాణమిస్తామని ప్రతిన పట్టిన కొలువువారు, మన గోదావరి లంకల వారు కారని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. అయినా ఆ పొరపాటు అచ్చులో కనిపిస్తూనే ఉంటుంది.

దాక్షారామం గోడల మీద

డెల్టా వారికి ఉన్న అదృష్టం శాసనాలు. ద్రాక్షారామ భీమేశ్వరాలయపు శాసనాలు దక్షిణ భారత శాసనాల 4వ సంపుటంలో వందల కొద్దీ అచ్చయి ఉన్నాయి. ఒకరోజు గుడికి వెళ్లి రాతిని చూసి, మరునాడు గ్రంథాలయంలో అచ్చుప్రతి ముందు కూర్చోవడం మంచి పద్ధతి, నేరుగా రాతి మీద చదవడానికి ప్రయత్నిస్తే కొత్తవారు అలసిపోతారు.

అక్కడ పదే పదే వచ్చే ఒక రకం శాసనాన్ని దగ్గరగా చూడండి. ఒక దాత దేవుడికి అఖండదీపం పెడతాడు. దీపానికి నెయ్యి కావాలి, నెయ్యికి పాడి కావాలి. కనుక యాభై గొర్రెలనో, కొన్ని ఆవులనో ఇచ్చి, వాటిని ఫలానా వారి కొడుకు ఫలానా బోయడు చేపట్టాడని పేరుతో సహా చెక్కిస్తాడు. ఆ బోయడు రోజుకు ఒక మానెడు నెయ్యి పోయాలి, తానే కాదు, తన కొడుకులూ మనుమలూ, సూర్యచంద్రులు ఉన్నంత కాలం. ‘ఆచంద్రార్కం’, ‘పుత్రానుపౌత్రికం’ అన్న ఆ రెండు మాటల దగ్గర ఆగండి. సాధారణంగా దానాల స్థిరత్వాన్ని చెప్పే మంగళవాక్యాలుగా వీటిని దాటేస్తాం. పాడి మేపేవాడి వైపు నుంచి చదివితే, పుట్టబోయే మనుమడి మీద కూడా ఈ రోజే బాకీ రాసేశారన్నమాట. ఇతడు బానిసా? కాదు. పేరుంది, తండ్రి పేరుంది, చేతికి ఆస్తి వచ్చింది, మానెడు నెయ్యి పోయగా మిగిలిన పాడి అతడిదే. సెర్ఫా? నేలకు కట్టలేదు కనుక అదీ కాదు. మన నాలుగు కట్లలో ఇది కొలువు కట్టు, వంశపారంపర్యమైన కొలువు. దీనికి ఐరోపా మాట వెదకడం కంటే ‘దీపపు పాడి చేపట్టిన బోయలు’ అని ఉన్నదున్నట్టు రాయడం మేలు. ఇక్కడి బోయ శబ్దాన్ని ఇప్పటి కులం పేరుతో తొందరపడి కలపవద్దు.

రాగిరేకులది వేరే కథ. రాజరాజ నరేంద్రుడి నందంపూడి శాసనాన్ని రచించినవాడు నన్నయభట్టే. అందులో కోనసీమ ప్రాంతాన్ని ‘రెండేఱులనడిమి విషయం’ అన్నారు (విషయం అంటే ఆనాటి మండలం), రెండు పాయల నడుమ సీమ కనుక అంతకన్నా కుదిరిన పేరు లేదు. వేంగీ చాళుక్యుల దానశాసనాలలో రాజు ఫలానా విషయంలో నివసించే ‘రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులందరినీ’ పిలిచి ఆజ్ఞ వినిపిస్తాడు. రాష్ట్రకూటులంటే ఇక్కడ ఆ పేరుగల రాజవంశం కాదు, ఊళ్ల పెద్దలు. కుటుంబి అంటే సేద్యం చేసే ఇంటి యజమాని, మహారాష్ట్ర కుంబీల పేరు ఈ మాట నుంచే వచ్చిందంటారు. రాజు వారికి చెప్పేది, ఈ ఊరిని ఫలానా బ్రాహ్మణుడికి ఇచ్చాం, ఇకపై మీ పన్నులు అతడికి చెల్లించండి అని. దానమైనది మనుషులు కాదు, వారు కట్టే పన్ను. చట్టపరంగా ఈ తేడా పెద్దదే. పన్ను అందుకునేవాడు దూరంగా ఉన్న రాజు కాక, అదే వీధిలో ఉండే అగ్రహారీకుడైతే దున్నేవాడికి ఆ తేడా ఎంత మిగిలిందన్నది శాసనం చెప్పదు, ఎందుకంటే శాసనం రాయించుకున్నది అతడు కాదు.

తరువాతి కాలానికి కల్నల్ మెకంజీ సహాయకులు సేకరించిన కైఫియత్తులు (ఊళ్ల వృత్తాంతాలు), 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారు చేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు (మాన్యాల నమోదు పుస్తకాలు), హెమింగ్‌వే రాసిన 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరు చూడాలి. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సంగ్రహాలయం ఈ పనికి దగ్గరి చోట్లు. ఇనాం రిజిస్టరులో కరణం, తలారి, వెట్టి వంటి గ్రామసేవకుల మాన్యాలు విడివిడిగా కనిపిస్తాయి. వెట్టి అన్నది అక్కడ దూషణ కాదు, ఊరి ఉద్యోగం పేరు, దానికి భూమి కూడా ఉండేది. పాత గ్రామోద్యోగాలు 1984లో రద్దయ్యేదాకా ఆ చట్రం ఏదో ఒక రూపంలో నిలిచింది.

పెద్దవారిని అడగడం

పాలేరు గురించి కాగితాలు చెప్పేది తక్కువ, మనుషులు చెప్పేది ఎక్కువ. పాలేరుగా పనిచేసినవారిని, వారి ఇళ్లలోని ఆడవారిని వారి పేటలోనే, వారి అరుగు మీదే కలవాలి. కామందు ఇంటి సావిట్లో కూర్చోబెట్టి అడిగితే వచ్చేది కామందు జవాబే. ‘గాడు’ చేర్చిన మాటలు మీ నోట రాకూడదు, వారు తమ గురించి తాము అనుకున్నా సరే. ‘మీరు బానిసలుగా ఉండేవారా?’ అని అడగడం మర్యాదా కాదు, పద్ధతీ కాదు. పని గురించి, కొలత గురించి అడగాలి.

రాజోలు వైపు ఒక పెద్దాయనతో మాట ఇలా సాగింది. “ఏడాదికి ఎంతండీ తాతగారూ?” “గింజలేనండి. కళ్లంలోనే కొలిచేవారు. పండక్కో పంచె, తువ్వాలు.” “కుంచం ఎవరిదండీ?” “కామందుగారిదేనండి, ఇంకెవరిదుంటాది.” “తలకొట్టి కొలిచేవారా, కుప్పగానా?” ఆయన నవ్వి అరచేత్తో గాలిలో చదును చేసి చూపించారు. ఇదంతా గుమ్మంలో కూర్చుని వింటున్న వాళ్ల ఆవిడ అప్పుడు అందుకున్నారు: “మరి నేను తెల్లారగట్ల ఎల్లి పేడకళ్లెత్తి, దొడ్డి ఊడ్చి వచ్చేదాన్ని కదండి, దానికేం గింజలున్నాయి? ఈయన జీతంలోనే అదీనూ.”

జీతం ఒకరికి, పని ఇద్దరికి. ఈ ఒక్క సంగతి ఏ నిఘంటువులోనూ పాలేరు అన్న ఆరోపం (అర్థం రాయడానికి ఎత్తుకున్న మాట) కింద దొరకదు. జీతం అన్న మాట సంస్కృత ‘జీవితం’ నుంచి, బతుకుతెరువు అన్న అర్థంలో వచ్చిందని చెబుతారు. అది ఎవరి బతుకుతెరువుకు, ఎంతమంది పనికి లెక్క కట్టేవారో మాత్రం ఇలా అడిగితేనే తెలుస్తుంది.

మిగతా ప్రశ్నలు కూడా ఈ దారిలోనే ఉండాలి. లెక్క ఏ నెల నుంచి ఏ నెలకు? సార్వా అయ్యాక దాళ్వా ఊడ్పులకు ముందు మానేసే వీలుండేదా? రాత్రి పడక ఇంట్లోనా, పశువుల సావిట్లోనా, పొలంలో మకాంలోనా? పెళ్లికో జబ్బుకో ముందుగా డబ్బు తీసుకున్నారా, దానికి ప్రోనోటు ఉందా, వడ్డీ ఉందా? వేరే కామందు దగ్గరికి పోవాలంటే ఆ బాకీ ఎవరు తీర్చేవారు? తండ్రి బాకీకి కొడుకు కుదిరాడా? చివరి మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులే పాలేరుతనం కూలిపనో, అప్పుకట్టో తేలుస్తాయి. ఒకే ఊరిలో, ఒకే తరంలో, ఇద్దరు పాలేర్లకు రెండు రకాల జవాబులు రావచ్చు. అలా వస్తే రెండూ రాయాలి, సగటు తీయకూడదు.

అటువైపు వారినీ అడగండి. కామందుల ఇళ్లలో పాత చిట్టాలు, పద్దు పుస్తకాలు అటక మీద ఉంటాయి. పాలేరు పేరు కింద ఏ తేదీన ఎన్ని కుంచాలు పోశారో, ఎంత చేబదులు ఇచ్చారో ఆ పద్దులలో ఉంటుంది. ఇవ్వడానికి ఇష్టపడనివారిని ఒత్తిడి చేయవద్దు. చూపినవారి దగ్గర ఫొటో తీసుకుని పుస్తకం అక్కడే వదిలేయండి.

మాట జారిన దారి, చట్టానికి ఎక్కిన దారి

కొన్ని మాటలు మనిషిని వదిలి గాలికి తిరుగుతాయి. తొత్తు అంటే ఇంటి దాసి, ఇప్పుడది రాజకీయ ఉపన్యాసాలలో ఎదుటి పక్షం మీద విసిరే తిట్టు. విల్లానస్ విలన్ అయిన దారి ఇదే. బంటు దానికి ఎదురు దిశలో వెళ్లింది, ‘రామబంటు’ అనిపించుకోవడం గౌరవం. చెక్ భాషలో వెట్టిపనికి ‘రొబోతా’ అన్న మాట ఉంది, మన రోబో దాని సంతానమే. ఊరి పేరు కూడా ఇలా మారవచ్చు. 1839 తుపానులో దెబ్బతిన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన కూలీల వల్ల, రంగూనులోనూ మారిషస్‌లోనూ తెలుగువాడంటేనే ‘కోరంగీ’ అయ్యాడు. ఇలాంటి మార్పుల తేదీలు పట్టుకోవడానికి పాత పత్రికలు మంచి ఆధారం, తిట్లు నిఘంటువుల కంటే ముందుగా పత్రికలకు ఎక్కుతాయి.

చట్టాల మాటలను మాత్రం వేరే పట్టికలో పెట్టుకోవాలి. 1843 నాటి 5వ చట్టం తరువాత కంపెనీ కోర్టులు బానిసత్వపు హక్కును గుర్తించడం మానేశాయి. కోర్టు గుర్తించనంత మాత్రాన ఊరిలో ఆగిపోయిందని కాదు, కాగితాలలో ఆ పేరు కనిపించడం ఆగుతుంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని ‘బేగార్’ అన్న పారసీ మాటతో నిషేధించింది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇంకా ముందుకు వెళ్లి, రాతపూర్వక ఒప్పందం లేకపోయినా ఆచారం వల్లనే ఒప్పందం ఉన్నట్టు భావించదగిన నిర్బంధపు పనుల పేర్లను దేశం నలుమూలల నుంచి ఏరి చేర్చింది. ఆ జాబితాలో వెట్టి ఉంది, నిజాం ప్రాంతపు అప్పుకట్టైన భగేలా ఉంది, మన పాలేరు కూడా ఉంది. రాజోలులో ఆ పెద్దాయన గింజలకు కుదిరిన పని అని చెప్పిన మాటను పార్లమెంటు నిర్బంధాల వరుసలో నిలబెట్టిందన్నమాట.

కనుక మీ కోశంలో పాలేరు అన్న ఆరోపానికి ఒకే అర్థం రాయకూడదు. మొదట మాట రూపం, పాలికాపు వంటి తోబుట్టువులు, వ్యుత్పత్తి మీద ఉన్న ప్రతిపాదన. తరువాత మీరు విన్న ఊరు, చెప్పినవారి వయసు, వారు ఏ వైపు వారో, ఏ దశకపు సంగతో, కట్టు ఏదో. ఆ కింద 1976 చట్టంలో ఈ మాట ఉన్న సంగతి. చెప్పినవారి పేరు వారు ఒప్పుకుంటేనే రాయాలి. సెర్ఫ్‌కు అనువాదంగా అయితే పాలేరును వాడవద్దు. తెలుగు లిపిలో సెర్ఫ్ అని ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘దున్నే భూమిని విడిచిపోరాని సేద్యగాడు’ అని వివరిస్తే చాలు, అంతకన్నా పొట్టి మాట కోసం వెంపరలాడనక్కరలేదు.